పిల్లలకు పొడిచర్మం – పెద్దలకు ఒకరికొకరు తోడు
(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం వినగానే "ఓస్, ఇంతేనా!" అనుకుంటారేమో. పిల్లల ఒళ్ళు పొడిబారడం కూడా ఒక జబ్బేనా, దానికొక ప్రసంగమా అనిపించవచ్చు. జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ కదులుతారు. వాంతులయితే ఆటో మాట్లాడుకొని ఆసుపత్రికి పరుగెత్తుతారు. అదే బిడ్డ ఒళ్ళు బూడిద పూసినట్టు తెల్లబారి, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా కమిలి, రాత్రంతా గీక్కుంటూ ఉంటే మాత్రం "దానికేముంది, కాస్త నూనె రాయి" అని అటు తిరిగి పడుకుంటారు.

కాని ఆ రాత్రి బిడ్డకు నిద్ర ఉండదు, తల్లికీ ఉండదు. తెల్లవారితే ఆమె పొయ్యి ముట్టించాలి, నీళ్ళు పట్టాలి, పనికి పోవాలి. నిద్రలేని కళ్ళతో పిల్లవాడు బడిలో కూర్చోవాలి. ఇది పది రాత్రులు, ఇరవై రాత్రులు సాగితే ఏమవుతుంది? "నువ్వు ఏం తినిపించావో" అని ఇంటాయన అంటాడు. "మీ వైపు వాళ్ళకే ఈ దురద ఉండేది" అని ఆమె అంటుంది. "మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా" అని అత్తగారు మూడో మాట వేస్తుంది. చర్మం మీద మొదలైన పగులు కాపురంలోకి వస్తుందన్నమాట. అందుకే ఈ రోజు రెండూ కలిపి చెబుతాను. బిడ్డ చర్మం ఎందుకు పొడిబారుతుంది, దానికి ఏం చేయాలి అన్నది ఒకటి. ఆ పని చేసేటప్పుడు తల్లీ తండ్రీ ఒకరికొకరు, ఒక ఇంటికి ఇంకొక ఇల్లు ఎలా ఆసరా కావచ్చునన్నది రెండోది. నేను పదో తరగతి వరకే చదివినదాన్ని. డాక్టర్లు చెప్పగా విన్నది, చదివి తెలుసుకున్నది, నాలుగిళ్ళలో చూసింది మీ ముందు పెడుతున్నాను.

మన గాలి, మన నీళ్ళు

మన అనంతపురం సీమ ఎట్లాంటిదో మీకు కొత్తగా చెప్పాలా! నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. తూర్పు సముద్రం దూరం కావడంవల్ల ఈశాన్య ఋతుపవనం మన దాకా వచ్చేసరికి చిక్కిపోతుంది. ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గాని, మబ్బుకు ఆ సరిహద్దు ఏం తెలుసు! రెండు వైపులా అదే ఎండ, అదే గాలి.

గాలి అంటే జ్ఞాపకం వచ్చింది. చర్మం పొడిబారడం చలికాలపు సంగతి అని చాలామంది అనుకుంటారు. మన సీమలో రెండు కాలాలున్నాయి. ఒకటి మార్గశిర పుష్యమాసాల చలి. రెండోది ఆషాఢ శ్రావణాల గాలి. మబ్బు కనబడుతుంది, వాన పడదు, గాలి మాత్రం దులిపేస్తుంది. 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా! ఆరవేసిన బట్ట ఎంత వేగంగా ఆరుతుందో, ఒంటి మీది తడి కూడా అంతే వేగంగా ఆరుతుంది. కనక వానాకాలం వచ్చింది కదా అని పిల్లల ఒంటికి రాసేది మానకూడదు.

ఇక నీళ్ళు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. నురగ రాలేదని మనం ఇంకా సబ్బు రుద్దుతాం. నీళ్ళలోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి జిడ్డుమడ్డిగా మారి ఒంటిని అంటుకుంటాయి. దానితో చర్మం మరింత గరుకవుతుంది. నీటి కాఠిన్యం ఎక్కువ ఉన్నచోట పిల్లలకు ఎగ్జిమా కొంచెం ఎక్కువగా కనబడుతున్నదని ఇతర దేశాలలో పరిశోధకులు గమనించారు. అయితే ఇక్కడే ఒక సంగతి. ఇంగ్లాండులో 336 మంది పిల్లల ఇళ్ళలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టే పరీక్ష ఒకటి చేసి, ఆ ఫలితం 2011లో ప్రకటించారు. యంత్రం పెట్టినందువల్ల పిల్లల ఎగ్జిమాకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని తేలింది. కనక ఇరవై లీటర్ల క్యాన్లు కొని బిడ్డకు స్నానం చేయించాలని ఎవరైనా చెబితే, ఆ డబ్బు అట్లా పోయకండి. తాగడానికి మంచినీళ్ళు చూసుకోండి. స్నానానికి ఉన్న నీళ్ళే వాడి, సబ్బు తగ్గించండి, తర్వాత పూతను పెంచండి. ఆ డబ్బుతో పూతమందు వస్తుంది.

మిద్దె మీద చౌడు

చర్మం పని ఎట్లా ఉంటుందో మన పాత మట్టి మిద్దెను చూస్తే తెలుస్తుంది. మిద్దె మీద చౌడు పరుస్తారు. అది బాగా ఉన్నన్నాళ్ళు పైనుంచి వాన దిగదు. చౌడు కొట్టుకుపోయి పగుళ్ళు వచ్చాయంటే చుక్క చుక్క కారడం మొదలు. చర్మం పైపొర కూడా అంతే. సన్నటి కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య కొవ్వు పదార్థం చౌడులాగా నిండి ఉంటుంది. అది లోపలి తడిని బయటికి పోనివ్వదు, బయటి దుమ్మును, క్రిములను లోపలికి రానివ్వదు. వేడినీళ్ళు, ఘాటు సబ్బు, గాలి ఈ కొవ్వును లాగేస్తాయి. పగుళ్ళ గుండా తడి పోతుంది, దుమ్ము దూరుతుంది, దురద పుడుతుంది. గీకితే పగులు ఇంకా పెద్దదవుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. గీకడం, దురద ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయన్నమాట.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ పైపొర పలుచన. చర్మాన్ని గట్టిపరచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను ఒకటుంది. దానికి సంబంధించిన జన్యువులో లోపమున్న పిల్లలకు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లండులోని డండీ పరిశోధకులు తేల్చారు. ఇళ్ళలో ఉబ్బసం, తుమ్ముల బాధ ఉంటే పిల్లలకు ఇది రావడం కద్దు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో ఎవరి తప్పూ లేదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్ల కాదు. తండ్రి వైపా, తల్లి వైపా అని తూకం వేసుకోవలసిన పనీ లేదు. ఇది అంటుకునే జబ్బూ కాదు. పక్క పిల్లలతో ఆడుకోవచ్చు, ఒకే పళ్ళెంలో తినవచ్చు. చాలామంది పిల్లలకు వయసు పెరిగే కొద్దీ తగ్గుముఖం పడుతుంది. అంతవరకు ఓపికగా కాపాడుకోవడమే మన పని.

ఒకే పేరు, నాలుగు జబ్బులు

మన వాడుకలో ఒక చిక్కుంది. చర్మం మీద ఏం కనబడినా గజ్జి అంటాం, లేకపోతే తామర అంటాం. ఆ పేరును బట్టే మందు కొంటాం. పేరు తప్పితే మందూ తప్పుతుంది కదా! అందుకని నాలుగింటిని విడివిడిగా గుర్తుపట్టండి.

మొదటిది గజ్జి. ఇది కంటికి కనబడనంత చిన్న పురుగువల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు. రాత్రిపూట విపరీతమైన దురద. ముఖ్యమైన గుర్తు ఏమిటంటే, ఇంట్లో ఒకరికి మొదలై నలుగురికీ వస్తుంది. దీనికి డాక్టరు ఇచ్చిన మందు ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా. చెప్పిన రోజుకు మళ్ళీ ఒకసారి రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. బిడ్డ ఒక్కడికే రాస్తే వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది.

రెండోది తామర. ఇది బూజు జాతికి చెందినది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో కొంచెం తేటగా ఉండి రోజురోజుకు వ్యాపిస్తుంది. చెమట పట్టే మడతల్లో ఎక్కువ.

మూడోది నేను చెబుతున్న పొడి ఎగ్జిమా. పసిబిడ్డలకు బుగ్గల మీద, పెరిగిన పిల్లలకు మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ మీద వస్తుంది. ఒళ్ళంతా పొడి.

నాలుగోది చూడడానికి పొడిచర్మమే గాని, దాని మూలం పళ్ళెంలో ఉంది. మోచేతుల వెనక, మోకాళ్ళ మీద ముళ్ళలాగా గరుకు పొక్కులు లేస్తాయి. తడిమితే ఆకురాయిలా ఉంటుంది. 1933లో లూసియస్ నికోల్స్ అనే వైద్యుడు దీనికి ఫ్రినోడెర్మా అని పేరు పెట్టాడు, అంటే కప్పచర్మం అని అర్థం. తిండిలో నూనె, ఎ-విటమిను, బి-విటమినులు చాలని పిల్లల్లో ఇది కనబడుతుంది. కుసుమ నూనె, బి-విటమినులు ఇస్తే గుణం కనిపించిందని మన దేశంలో పరిశోధకులు చూశారు. మన నల్లరేగడి చేలల్లో జొన్నతోపాటు వేసే ఆ కుసుమలేనండీ! ఇలాంటి బిడ్డకు పైన ఎంత పూసినా చాలదు, పళ్ళెం మార్చాలి.

ఈ సందర్భంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థను తలచుకోవాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో పెల్లాగ్రా జబ్బు గురించి ఒక వ్యాసం ప్రకటించారు. ఆ జబ్బులో ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద, చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు, మతి స్థిమితం తప్పడం తర్వాత వస్తాయి. జొన్న తప్ప మరొకటి లేని బీద ఇళ్ళలో ఇది కనబడుతున్నదని, జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థం ఇందుకు కారణం కావచ్చని వారు చెప్పారు. జొన్నరొట్టె మానమని దీని అర్థం కాదు. రొట్టెతో పాటు పప్పు, ఆకుకూర, కాస్త పాలో మజ్జిగో, గుప్పెడు వేరుశనగలో ఉంటే భయం లేదు. వేరుశనగల్లో ఆ జబ్బును అడ్డుకొనే నయాసిన్ విటమిను బాగా ఉంది. సంగటిలోకి మనం చేసుకునే ఊరుబిండి ఉత్త రుచి కోసమే కాదన్నమాట.

పత్యం పేరిట పస్తులు

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న మాట చెబుతాను. ఒంటి మీద దురద కనబడగానే మన ఇళ్ళలో మొదట చేసే వైద్యం పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వద్దు, చెనక్కాయలు పైత్యం వద్దు, పాలు కఫం వద్దు. నెల తిరిగేసరికి ఆ బిడ్డ పళ్ళెంలో చారూ అన్నమూ మిగులుతుంది. పాలిచ్చే తల్లి అయితే ఆమె కూడా మానాలి. దురద తగ్గదు, బిడ్డ మాత్రం తగ్గిపోతాడు. అంగన్‌వాడీలో తూకం వేస్తే ముల్లు కిందికి దిగుతుంది. చర్మం మరమ్మతుకు కావలసినవి నూనె, పప్పు, గుడ్డు, ఆకుకూరలు. సరిగ్గా వాటినే మనం చేజేతులా తీసేస్తున్నాం.

కొందరు పసిబిడ్డలకు, ముఖ్యంగా చిన్నప్పుడే తీవ్రంగా ఎగ్జిమా వచ్చినవారికి, ఏదో ఒక ఆహారం పడకపోవడం నిజమే. తిన్న కాసేపటికే దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, వాంతులు కావడం దానికి గుర్తు. ఊపిరి అందకపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అలాంటిది ఉంటే ఏది మానాలో, ఎన్నాళ్ళు మానాలో డాక్టరు చెప్పాలి. పక్కింటి మాట మీద మానకూడదు.

వేరుశనగ పండే జిల్లాలో ఉన్నాం కాబట్టి ఒక విశేషం చెబుతాను. లండనులో డాక్టర్ గిడియన్ లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు పడకపోవడం గాని ఉన్న 640 మంది పసిబిడ్డలను ఎన్నుకొంది. కొందరికి వేరుశనగ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టారు, కొందరికి అయిదేళ్ళ దాకా పెట్టలేదు. 2015లో ఫలితం వచ్చింది. ముందునుంచీ తిన్నవారిలోనే వేరుశనగ పడకపోవడం చాలా తక్కువ. దాచిపెట్టడంవల్ల మేలు జరగలేదు సరికదా, కీడే జరిగింది. అయితే రెండు జాగ్రత్తలు. బిడ్డకు ఎగ్జిమా తీవ్రంగా ఉంటే డాక్టరును అడిగే మొదలుపెట్టండి. పెట్టేటప్పుడు మెత్తగా నూరి జావలో కలిపి పెట్టండి. అయిదేళ్ళలోపు పిల్లలకు గింజ గింజగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది.

అంగన్‌వాడీలో ఆరు నెలలకొకసారి పోసే ఎ-విటమిను మందు కూడా మానిపించకండి. 1970లో మన దేశంలో ఆ కార్యక్రమం మొదలైంది కళ్ళ కోసమే అయినా, ఆ విటమిను చర్మానికీ కావలసినదే.

ఒక బిందె నీళ్ళు, ఒక డబ్బా పూత

ఇక చేయవలసిన పని. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు చాలు. పొగలు కక్కే నీళ్ళు ఆ నిమిషానికి దురదకు హాయిగా ఉంటాయి, తర్వాత అంతకంత పుట్టిస్తాయి. అయిదు పది నిమిషాల్లో ముగించండి. నీటికి కరువైన ఇంట్లో ఒక బిందెతోనే శుభ్రంగా చేయించవచ్చు. సబ్బు చంకలకు, గజ్జలకు, మట్టి పట్టిన కాళ్ళకు చేతులకు మాత్రమే. పీచు పెట్టి తోమకండి. సున్నిపిండి నలుగు మంచిదే అయినా, కమిలిన చర్మం మీద గట్టిగా రుద్దితే అది గీకినట్టే.

స్నానం కాగానే మెత్తని పాత పంచెగుడ్డతో అద్దండి, రుద్దవద్దు. తుడిచీ తుడవని ఆ తడి మీదనే, రెండు మూడు నిమిషాల్లోపల, పూత వేయండి. తడి లోపల ఉండగానే మూత పెడుతున్నామన్నమాట. పెట్రోలియం జెల్లీ, అంటే మనం వాసెలిన్ అనే తెల్లటి ముద్ద, చవకైనది, వాసన లేనిది. కొబ్బరినూనె కూడా పనికివస్తుంది. ఆలివు నూనె పట్నాల్లో పసిబిడ్డల కోసమని ఖరీదుకు అమ్ముతుంటారు. అది చర్మపు పైపొరను బలహీనపరుస్తుందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఖరీదైనది మంచిదనుకోవద్దు. పూత వేలి చివర అంటించి అక్కడక్కడ రాస్తే చాలదు. ఒళ్ళంతా మెరిసేటట్టు, రోమాలు వాలిన వైపుగా, రోజుకు కనీసం రెండుసార్లు రాయాలి.

స్నానపు నీళ్ళలో నూనె పోస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. 2018లో బ్రిటన్‌లో ఆ పద్ధతినీ పరీక్షించారు. నీళ్ళలో పోసే మందువల్ల ప్రత్యేక లాభం లేదని, ఒంటికి నేరుగా రాసేదే ముఖ్యమని తేలింది. అలాగే ఎగ్జిమా లేని పసిబిడ్డకు, అది రాకుండా ఉండాలని, పుట్టిన నాటినుంచి రోజూ పూతలు వేసినంత మాత్రాన ఆగదని 2020లో మరొక పెద్ద పరీక్ష చెప్పింది. కనక అందరి పిల్లలకూ డబ్బాలు డబ్బాలు కొనే పని లేదు. పొడిచర్మం ఉన్న బిడ్డకు మాత్రం మానకూడదు.

ఒక హెచ్చరిక. నూనె, జెల్లీ పీల్చుకున్న బట్టలు, దుప్పట్లు మామూలు బట్టలకంటే త్వరగా అంటుకుంటాయి. పూత వేసిన బిడ్డను పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఉంచకండి. ఆ బట్టలు వేరుగా, ఎక్కువగా ఉతకండి.

రాత్రికి గోళ్ళు కత్తిరించండి. మెత్తని నూలు బట్టలు వేయండి. "గీకొద్దు" అని కసరినందువల్ల దురద పోదు. తడిగుడ్డ చల్లగా వేసి రెండు నిమిషాలు అదిమితే బిడ్డకు ఊరట.

ట్యూబు సంగతి

మందుల షాపులో "దురద మందు" అని అడిగితే తీసి ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. తామర మీద అది రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల బూజు మాత్రం హాయిగా పాకుతుంది. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టీరాయిడ్ పూతలు చాలావాటిని డాక్టరు చీటీ మీదనే అమ్మాలని నిబంధన పెట్టింది.

అయితే రెండో వైపు భయం కూడా మంచిది కాదు. ఎగ్జిమా ఎర్రగా రేగినప్పుడు డాక్టరు ఇచ్చే స్టీరాయిడ్ పూత సరైన మందే. ఎన్ని రోజులో, ఎక్కడో, ఎంతో అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు మీద గీతలాగా పిండిన మందు, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

తల్లీ తండ్రీ

ఇంతవరకు చెప్పిన పని అంతా చూస్తే, ఒక్క మనిషి చేతిమీద నడిచేది కాదని మీకే తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు పూత, రాత్రి లేవడం, వేరుగా ఉతకడం, ఆసుపత్రి. ఇదంతా తల్లి వంతే అయితే ఆమె నెలలోనే నీరసిస్తుంది. మగవారు కూడా ఈ కార్యక్రమం వింటారని నాకు తెలుసు. అయ్యా, మీకే చెబుతున్నాను. పూత వేయడానికి ఆడచెయ్యే కావాలని ఎక్కడా లేదు. సాయంత్రపు పూత మీరు తీసుకోండి. రాత్రులు పంచుకోండి. ఒకరోజు ఆమె లేస్తే ఒకరోజు మీరు. నిద్ర పోయిన మనిషికి ఓర్పు ఉంటుంది. ఓర్పు ఉంటే మాట మెత్తగా వస్తుంది.

మన పల్లెల్లో చాలామంది మగవాళ్ళు పనికోసం బెంగళూరు పోతారు. దూరాన ఉన్నవాడు రాత్రి ఫోను చేసి "వానికి ఇంకా తగ్గలేదా? నువ్వు ఏం చూస్తున్నావు?" అని అడగడం సులువు. "నువ్వు పండుకున్నావా?" అని అడిగి చూడండి. ఆ ఒక్క మాట ఆమెకు సగం బలం. జీతం పంపేటప్పుడు నెలకు సరిపడే పూతకు, ఆసుపత్రి ఛార్జీలకు కొంత విడిగా చెప్పి పంపండి. అప్పుడు ఆమె ఎవరినీ అడుక్కోనక్కరలేదు.

ఇంకొకటి. ఇంట్లో పెద్దల ముందు ఇద్దరిదీ ఒకే మాట కావాలి. అత్తమ్మ గుడ్డు పెట్టొద్దన్నప్పుడు కోడలు ఎదురు చెబితే అది పొగరవుతుంది. కొడుకు "అమ్మా, డాక్టరు పెట్టమన్నాడు, నేనే విన్నాను" అంటే అక్కడితో సరిపోతుంది. అందుకని ఆసుపత్రికి కనీసం మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్ళండి. కుదిరితే అత్తగారిని కూడా తీసుకువెళ్ళండి. డాక్టరు నోటి మాట ఆమె చెవినే పడితే, రేపటినుంచి ఆమే మీకు పెద్ద దిక్కు. బిడ్డకు నూనె రాసే చెయ్యి అవ్వలకున్నంత నేర్పుగా ఎవరికుంది చెప్పండి!

ఇంటికి ఇల్లు

ఇప్పుడు వీధిలోకి వద్దాం. ఇంగ్లాండులో 1975లో నేషనల్ ఎగ్జిమా సొసైటీ అని ఒక సంఘం పుట్టింది. ఈ జబ్బుతో బాధపడే ఇళ్ళకు తెలిసిన సంగతులు చెప్పడం, ధైర్యం చెప్పడం దాని పని. మనకు కొత్త సంఘం కావాలా? పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. అంగన్‌వాడీలో తల్లుల సమావేశం ఉంది. వాయిదా డబ్బు లెక్క అయిన తర్వాత పది నిమిషాలు పిల్లల ఆరోగ్యానికి పెట్టండి.

ఆ పది నిమిషాల్లో ఏం చేయవచ్చు? ఎవరి బిడ్డకు ఏం గుణమిచ్చిందో చెప్పుకోవచ్చు. పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా కలిసి కొని, శుభ్రమైన గరిటెతో చిన్న చిన్న మూత డబ్బాల్లోకి పంచుకోవచ్చు. చిన్న డబ్బాల కంటే చవక పడుతుంది. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పోవలసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకే రోజు పెట్టుకోవచ్చు. ఒకరు చీటీ వరుసలో నిలబడితే ఒకరు పిల్లలను చూస్తారు. ఎక్కడానికి బెరుకుండే అమ్మాయికి తోడు దొరుకుతుంది. 1969 నుంచి మన జిల్లాలో పని చేస్తూ వచ్చిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆసుపత్రులు కట్టింది. ఏ ఊరికి ఏది దగ్గరో మీలో ఒకరికి తప్పక తెలిసి ఉంటుంది. ఆ తెలిసినదాన్ని పక్కవారికి చెప్పడమే సాయం.

రాత్రంతా మేలుకున్న తల్లి కనబడితే "మధ్యాహ్నం బిడ్డను మా ఇంట్లో వదిలిపెట్టి ఓ గంట నడుము వాల్చు అక్కా" అనండి. ఖర్చు లేని మందు అది.

ఒక్కటి మాత్రం పంచుకోవద్దు. గిన్నె అడిగితే ఇవ్వండి, పెరుగుకు తోడు అడిగితే ఇవ్వండి, వాడుతున్న ట్యూబు మాత్రం ఇవ్వకండి. మీ బిడ్డకు ఎగ్జిమా, వాళ్ళ బిడ్డకు తామర. చూడడానికి రెండూ ఎరుపే. మీ మంచితనమే వాళ్ళకు చెడుపు అవుతుంది. తోడు వెళ్ళండి, ట్యూబు ఇవ్వకండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

పుండ్లనుంచి చీము, పసుపుపచ్చ పక్కులు, జ్వరం కనబడితే వెంటనే డాక్టరుకు చూపించండి. ఎగ్జిమా మీద నొప్పితో కూడిన నీటి పొక్కులు గుంపుగా లేచి, బిడ్డ నీరసపడితే ఆ రోజే తీసుకువెళ్ళాలి. పాలిపోయినట్టున్న మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది పొడిచర్మం కాదు, కుష్ఠు కావచ్చు. భయపడకండి, దాచకండి. మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

పిల్లల సంగతి చూస్తూ మిమ్మల్ని మీరు మరవకండి. పెద్దవారికి కొత్తగా ఒళ్ళంతా పొడిబారి దురద పెడితే చక్కెర జబ్బు, థైరాయిడ్, మూత్రపిండాల దోషం ఉందేమో పరీక్ష చేయించాలి. చక్కెర ఉన్న మనిషి మడమ పగుళ్ళతో చెప్పులు లేకుండా చేనికి పోతే, ఆ పగులే పుండవుతుంది. ఇంటాయన కాళ్ళు రాత్రి ఒకసారి దీపం వెలుగులో చూడండి. మీ చేతులు, గిన్నెలు తోమి తోమి పగిలినవి, ఆయనను చూడమనండి. బిడ్డకు రాసిన చేత్తోనే ఇంత మిగిలిన పూత ఒకరి మడమలకు ఒకరు రాసుకుంటే డబ్బాలో తరిగిపోయేదెంత!

వాన మన చేతిలో లేదు, గాలి మన చేతిలో లేదు. బిడ్డ పళ్ళెంలో పప్పూ గుడ్డూ ఉంచడం, స్నానం కాగానే పూత వేయడం, రాత్రి వంతులు పంచుకోవడం, పక్కింటి తల్లికి ఒక గంట నిద్ర ఇవ్వడం మన చేతిలో ఉన్నాయి. వచ్చే సంఘం సమావేశం ఏ రోజో చూసుకొని, ఆ పది నిమిషాల మాట మీరే మొదట ఎత్తండి. అడిగే ధైర్యం లేక కూర్చున్న తల్లి ఒకరైనా అక్కడ ఉంటుంది.